కామాకు ముందున్న పేరు

మా మేడమ్‌కి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఈ సంగతి మా ఓనరు గారికి ఇన్నేళ్ళైనా తలకెక్కలేదు. అందుకే ఆ రోజు ఆవిడ మెల్లగా మాట్లాడుతుంటే, దారికొచ్చారనుకుని మీసం దువ్వుకున్నారు. నేను పక్క బల్ల దగ్గర సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ దారికి రాలేదనీ, వచ్చే మనిషి కాదనీ నాకు తెలుసు.

గొడవంతా ఒక పేరు గురించి. ఆ పేరు ఏ బోర్డు మీదా కనబడదు, దాన్ని ఎవరూ పైకి పలకరు. కంప్యూటరు లోపల ఒక మూల చిన్న అక్షరాల్లో పడి ఉంటుంది. కానీ ఆ పేరు తీసేస్తే మా అమ్మ మేస్త్రి పని పోయేది. అదెలాగో తెలియాలంటే ముందు మేం ఏం చేస్తామో చెప్పాలి.

గుంటూరు బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డు మీద మా వర్క్‌షాపు. కింద కళ్ళజోళ్ళ షాపు, పైన కోచింగ్ సెంటరు, మధ్యలో మేము. పైన పిల్లలు కుర్చీలు జరిపినప్పుడల్లా మా నెత్తిన సున్నం రాలుతుంది. అక్కడ మేం మాట్లాడే కాటాలు తయారు చేస్తాం. మామూలు ఎలక్ట్రానిక్ కాటా బరువును ఎర్ర అంకెల్లో చూపించి ఊరుకుంటుంది. మాది చూపించడమే కాకుండా పైకి చెబుతుంది కూడా. పత్తి మూట ఎత్తి పెట్టగానే, "పద్దెనిమిది కేజీల నాలుగు వందల గ్రాములు" అని చేను గట్టు మీద ఉన్న అందరికీ వినబడేలా చక్కటి తెలుగులో పలుకుతుంది.

ఇందులో ఏముంది అనుకునేవాళ్ళు ఎప్పుడూ పత్తి తీతకు వెళ్ళి ఉండరు. మా వైపు పత్తి తీసే ఆడవాళ్ళకు కూలి కేజీల లెక్కన. పొద్దుటి నుంచి నడుము వంచి తీసిన పత్తంతా సాయంత్రం కాటా ఎక్కుతుంది. కాటా దగ్గర చేను వాళ్ళ మనిషి ఒకడు ఉంటాడు. అతను అంకెలు చూస్తాడు, ఒక మాట చెబుతాడు. ఆ చెప్పిందే బరువు. తొంగి చూద్దామంటే వెనక మూటలతో ఉన్నవాళ్ళు తోస్తుంటారు, పైగా పొద్దుగూకే వేళ. అతను మంచివాడే కావచ్చు. అయినా ఇంటికి వెళ్ళాక కూడా, నా మూట అంతే తూగిందా అని మనసు పీకుతూనే ఉంటుంది. చిన్నప్పుడు మా అమ్మ అన్నం కలుపుకుంటూ ఆ మాట తనలో తనే అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

మా అమ్మ పత్తి ముఠాకి మేస్త్రి. ప్రకాశం జిల్లాలో మా పల్లెలో చర్చి వెనక వీధి ఆడవాళ్ళంతా ఆమె ముఠాయే. పత్తి తీతకైనా, మిరపకోతకైనా ఎవరి చేలో దిగాలో, ఎంతమంది వెళ్ళాలో అమ్మే చూస్తుంది. మాట్లాడే కాటా అమ్మకానికి వచ్చిన తొలి ఏడాదే ముఠా అంతా కలిసి ఒకటి కొనుక్కున్నారు. మా కాటా మేమే తెచ్చుకుంటాం, దాని మీద తూస్తేనే చేలో దిగుతాం అని అమ్మ రైతులకు చెప్పేసింది. మొదట కొందరు విసుక్కున్నారు. తర్వాత వాళ్ళకీ హాయిగానే అనిపించింది, ఎందుకంటే సాయంత్రం తగువులు పోయాయి. నేను అంతకు ముందే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతిలో పెట్టుకుని బ్రాడీపేట వచ్చి, ఆ కాటాలు ఇంకా తయారవుతుండగానే ఇక్కడ ఉద్యోగంలో చేరాను.

ఆ తర్వాత అమ్మకు షుగరు వచ్చి కళ్ళ మీద కొట్టింది. డాక్టరు మందులిచ్చి, ఉన్న చూపు నిలుస్తుంది గానీ పోయింది రాదన్నారు. మనుషులు నీడల్లా తెలుస్తారు, అంకెలు మాత్రం అసలు కనబడవు. ఈ సంగతి అమ్మకీ నాకూ డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు.

"చూపు లేని మేస్త్రి ఎనకమాల ముఠా ఎందుకు నిలుస్తదే?" అంది అమ్మ. "మాట్టాడే కాటా ఉన్నన్నాళ్ళూ నాకేం దిగుల్లేదు. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పమాక."

అమ్మ కాటా ముందు నిలబడే తీరు చూడాలి. అంకెల వైపు మొహం పెడుతుంది, కళ్ళు కాస్త చికిలిస్తుంది. కాటా పలకగానే ఆ బరువు తను మళ్ళీ గట్టిగా చెబుతుంది. చూసేవాళ్ళకు చదివి చెప్పినట్టే ఉంటుంది. ఆ నటన చూసి నాకు నవ్వొచ్చేది, ఆ వెంటనే గుండె కలుక్కుమనేది.

ఇక మా మేడమ్. ఆవిడ పుట్టి పెరిగింది పాత గుంటూరులో. వాళ్ళ నాన్నగారిది మైకు సెట్ల షాపు. ఉరుసులకీ, తిరునాళ్ళకీ, చర్చి కూటాలకీ, పెళ్ళిళ్ళకీ వాళ్ళ మైకులే వెళ్ళేవట. ఆవిడ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేసి, ఈ ఊరి మీద బెంగతో తిరిగి వచ్చేశారు. చెవి అంటే ఆవిడదే. మేం పది కాటాలు వరసగా పలికించి, అన్నీ బాగున్నాయి మేడమ్ అంటే, ఆవిడ వెనక్కి కూడా తిరగకుండా, "కిటికీ పక్కదాంట్లో స్పీకరు స్క్రూ వదులుగా ఉంది, చూడు" అనేవారు. చూస్తే ఉండేది. ఒళ్ళు మండిపోయేది. ఒక్కసారైనా తప్పు చెబితే బాగుండు అని కాచుకుని కూర్చునేదాన్ని. ఆ ముచ్చట ఇంతవరకూ తీరలేదు.

కాటా గొంతు కూడా ఆవిడదే. ఇది బయటివాళ్ళకు తెలియదు. మొదట ఓనరు గారు సినిమాలకు డబ్బింగ్ చెప్పే మనిషిని పెడదామన్నారు. మేడమ్ వద్దన్నారు. వాళ్ళ నాన్నగారి షాపు వెనక గదిలో గోడలకు బొంతలు కట్టి, అంకెలన్నీ తనే చెప్పి రికార్డు చేసుకొచ్చారు. ఎవరి మీదా కోపం లేని, ఎవరి మీదా జాలి లేని గొంతు. మామూలుగా మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు అలా ఉండదు. అందుకే రోజూ వినే మాకే ఇద్దరూ ఒకటని గుర్తుండేది కాదు.

"ఎవరికీ చెప్పొద్దమ్మా," అన్నారు నాతో. "ఇది ఫలానా మనిషి గొంతని తెలిస్తే, ఆ మనిషి రైతు వైపా కూలి వైపా అని ఆలోచిస్తారు. కాటా ఎవరి వైపూ ఉండకూడదు."

అందుకే మా అమ్మకు కూడా చెప్పలేదు. ఆమె ఆ గొంతును "కాటామ్మ" అంటుంది. కాటామ్మ చెప్పాక ఇంక మాట లేదు అంటుంది.

ఇప్పుడు పేరు సంగతి. ప్రతి కాటా లోపలా అగ్గిపెట్టెంత కంప్యూటరు ఉంటుంది, అందులో దాన్ని నడిపించే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. లోపలి సర్క్యూట్ బోర్డు మీద ఏ చిప్పు ఎక్కడ అతికించామో లైనక్స్‌కి దానంతట అది తెలియదు. మేమే ఒక చిన్న వివరాల జాబితా రాసి కాటా లోపల పెడతాం. అందులో ప్రతి వస్తువుకీ ఒక పేరు ఉంటుంది. తయారు చేసినవాళ్ళ పేరు, ఒక కామా, తర్వాత వస్తువు పేరు. మా పనిలో దాన్ని కంపాటిబుల్ అంటారు. మరోవైపు, శబ్దం పలికించే ప్రోగ్రాము ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటాం. తనకు తెలిసిన పేర్లన్నీ ఆ డ్రైవర్ దగ్గర ఒక వరసలో ఉంటాయి. రెండు వైపులా పేరు కలిస్తే కాటా మాట్లాడుతుంది.

కలవకపోతే? నల్లపాడు స్టేషన్లో ఎవరో కొత్త చుట్టం దిగుతాడని పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడతాం చూడండి, అలాంటిదే. అట్ట మీద పేరు వేరే అయితే దిగినవాడు మనల్ని దాటుకుని వెళ్ళిపోతాడు. ఎవరూ అరవరు, ఎవరూ దెబ్బలాడరు. కాటాలో కూడా అంతే. ఎర్ర లైటు వెలగదు, తప్పు అని రాదు. అంకెలు ఎప్పట్లానే కనబడతాయి. మాట మాత్రం రాదు.

మొట్టమొదట ఈ పేర్లు పెట్టిన రోజుల్లో నేను అప్పుడే చేరాను. మా దగ్గర చిప్పు ఒకరిది, ఆంప్లిఫయరు ఇంకొకరిది. అన్నిటికీ మన కంపెనీ పేరే పెట్టేద్దాం, గొప్పగా ఉంటుంది అన్నారు ఓనరు గారు. మేడమ్ నవ్వి, "కొనుక్కున్నంత మాత్రాన మన బిడ్డలవుతాయా సార్? చిప్పుకి చిప్పు చేసినవాళ్ళ పేరే ఉంటుంది. ఆ రెండిటినీ స్పీకరునూ కలిపి ముడివేసిన తీరు మనది. దానికి మన పేరు పెట్టుకుందాం" అన్నారు.

వస్తువు పేరు దగ్గర ఇంకా సేపు పట్టింది. నాతోపాటు పనిచేసే ఇంకో ఇంజనీరు చివర 'కొత్త' అని తగిలిద్దామన్నాడు. "వచ్చే ఏడాది ఇంకోటి చేస్తాం. అప్పుడు దీన్ని ఏమని పిలుస్తావు?" అన్నారు మేడమ్. చిప్పు నంబరులో ఆఖరి అంకె తీసేసి ఎక్స్ పెడితే, ముందు ముందు వచ్చే చిప్పులన్నిటికీ సరిపోతుందన్నాడు. "ఇంకా పుట్టనివాటి తరఫున నువ్వు మాటిస్తావా? అవి ఎలా పుడతాయో నీకు తెలుసా?" అన్నారు. అతను నా వైపు చూశాడు, నేను సీలింగు వైపు చూశాను. ఆవిడ టీ తాగొచ్చి, మళ్ళీ కూర్చుని, రాసిన పేరు కొట్టేసి, ఇంకోటి రాసి, అది కూడా కొట్టేశారు. మా అక్క కూతురికి పేరు పెట్టినప్పుడు మా ఇంట్లో ఇంత ఆలోచన జరగలేదు. చివరికి తేల్చింది చూస్తే చప్పగా ఉంది. మా కంపెనీ పేరు, కామా, కాటా-ఆడియో. అంతే.

నాకు నిరాశగా అనిపించి, ఇంతేనా మేడమ్ అన్నాను.

"ఇంతే. చూడటానికి బాగుండక్కర్లేదు, మారకుండా ఉండాలి. కాటా ఒకసారి మన గడప దాటిందంటే ఈ పేరు ఇక మనది కాదు, కొన్నవాళ్ళది. మనకు విసుగొచ్చిందని మార్చే హక్కు మనకు లేదు."

అప్పుడు ఆ మాట విని తల ఊపాను గానీ, పెద్దగా పట్టించుకోలేదు. అది ఎంత బరువైన మాటో తర్వాత తెలిసింది.

మా కంపెనీ ఇద్దరిది. ఓనరు గారూ, ఆయన బావగారూ. ఇద్దరి పేర్లలోంచీ చెరిసగం తీసి కలిపి కంపెనీ పేరు పెట్టుకున్నారు. బంగారంలా ఉండేవాళ్ళు. ఒకే క్యారేజీలో తినేవాళ్ళు. అలాంటిది బావగారింట్లో పెళ్ళికి వేయించిన శుభలేఖలో, ఆహ్వానించువారి కింద మా ఓనరు గారి పేరు పడలేదు. ప్రెస్సువాడి పొరపాటని బావగారన్నారు. ప్రెస్సువాడికి నా మీద ఏం పగ అని ఈయనన్నారు. మాటా మాటా పెరిగి, పెళ్ళి కాకముందే కంపెనీ విడిపోయింది. మా వైపు మనుషులు ఎండకీ వానకీ ఓర్చుకుంటారు గానీ, శుభలేఖలో పేరు లేకపోతే ఓర్చుకోలేరు.

మర్నాడు పొద్దునే నిచ్చెన వేసి బోర్డు మార్పించారు. బిల్లు బుక్కులు మారాయి, స్టిక్కర్లు మారాయి. టీ ఫ్లాస్కు మీద పాత పేరుంటే దాన్ని కూడా గీకించారు. అక్కడితో ఆగేవారే, కానీ ఆ 'కొత్త' అన్న ఇంజనీరు నోరు ఊరుకోక, సాఫ్ట్‌వేర్ లోపల కూడా పాత పేరుంది సార్ అన్నాడు. ఇక చూడాలి.

సరిగ్గా పత్తి తీతలు మొదలవడానికి ముందు అది. ఏటా ఆ సమయానికి పాత కాటాలన్నిటికీ కొరియర్లో మెమరీ కార్డులు పంపుతాం. కార్డు పెట్టి ఆన్ చేస్తే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కుతుంది. మాట మొదలయ్యే ముందు ఆంప్లిఫయరు టప్‌మని కొట్టేది, అదిరిపడుతున్నామని ఆడవాళ్ళు ఫోన్లు చేసేవాళ్ళు. ఆ ఏడాది మేడమ్ ఆ టప్పు పోగొట్టారు. ఆ కార్డుల్లోనే పాత పేరు కూడా తీసేసి పంపమన్నారు ఓనరు గారు.

"కొత్త కాటాలకి కొత్త పేరు పెడతానండి," అన్నారు మేడమ్. "దాని పక్కనే పాత పేరు కూడా రాస్తాను. కానీ డ్రైవర్ వరసలోంచి పాతది తీయకూడదు. చేలల్లో ఉన్న కాటాల లోపల వివరాల్లో పాత పేరే ఉంది. కార్డు దాన్ని తాకదు. కార్డు ఎక్కేటప్పుడు మధ్యలో కరెంటు పోయినా చెడిపోకూడదని నేనే అలా పెట్టాను. ఇటువైపు తీసేస్తే అవన్నీ మూగబోతాయి."

"పేరు తీస్తే మాట పడిపోద్దా? ఎవరికమ్మా చెప్తారు?" అన్నారాయన. "మీకు మార్చడం బద్దకం, అది చెప్పండి."

ఆవిడ గొంతు తగ్గింది ఇక్కడే. "ఒక పాత కాటా తెప్పిస్తాను సార్. మీరు చెప్పినట్టే తీసేసి, మీ కళ్ళ ముందే కార్డు పెడతాను. అది మాట్లాడితే అన్ని కాటాలకీ అదే పంపిద్దాం."

ఆయన మీసం దువ్వుకుంది ఇక్కడే. సరే తెప్పించండి అన్నారు. తొలి ఏడాది కాటాలన్నీ ఊళ్ళల్లోనే ఉన్నాయి. మా అమ్మ దగ్గరున్నది కూడా ఆ ఏడాదిదే. తెస్తాను అని ముందుకొచ్చింది నేనే. ఈ కార్డు ఊరికి వెళ్ళిన మర్నాడు అమ్మ చేను గట్టు మీద నిలబడి కాటా వైపు మొహం పెడుతుంది, కాటా పలకదు, ముఠా అంతా చూస్తుంటుంది. నాకు కళ్ళ ముందు అదే ఆడుతోంది.

కాటా ఇవ్వమని ఫోన్ చేస్తే అమ్మ ఒప్పుకోలేదు. "ముఠా సొత్తు అది. నేను లేకుండా ఊరు దాటదు," అని కాటాను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. మేడమ్ గారికి అని ఒక సంచి ఎండుమిరపకాయలు కూడా తెచ్చింది. బస్టాండులో దించుకుని ఆటోలో బ్రాడీపేట తీసుకొచ్చాను. మెట్ల దగ్గర నా భుజం పట్టుకుంది, మోకాళ్ళ నొప్పి అని అందరికీ వినబడేలా చెప్పింది.

మేడమ్ అమ్మకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చారు. పెద్దగా మాట్లాడలేదు, పనిలో ఉన్నారు. కాటాను బల్ల మీద పెట్టి, పాత పేరు తీసేసిన కార్డు దూర్చి ఆన్ చేశారు. అంకెలు వెలిగాయి. ఓనరు గారు బల్లకి అటువైపు నిలబడ్డారు. మిరపకాయల సంచి తీసి తనే కాటా మీద పెట్టారు. మిరప ఘాటుకి ఆయనకే ముందు తుమ్మొచ్చింది.

అంకెలు ఆగాయి. అమ్మ అలవాటుగా లేచి వచ్చి కాటా ముందు నిలబడింది. తల కొంచెం వంచి వింది. కాటా పలకలేదు.

ఓనరు గారు సంచి తీసి మళ్ళీ పెట్టారు. పలకలేదు. పైన కోచింగ్ సెంటర్లో మేష్టారి గొంతు ఒక్కటే వినబడుతోంది. ఆయన మొహం మాడింది, అయినా ఓడిపోవడం ఇష్టం లేక అమ్మ వైపు తిరిగారు.

"మాట లేకపోతే మునిగిందేముంది? అంకెలు కనబడుతున్నాయిగా. ఏమ్మా మేస్త్రీ, ఎంతుందో నువ్వే చదివి చెప్పు."

అమ్మ చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటోంది. మొహం మాత్రం అంకెల వైపే ఉంది, పెదవులు కదలడం లేదు. నేను చదివితే, మీ అమ్మ ఎందుకు చదవదు అంటారు. చదవకపోతే ఆ మౌనం ఇంకా పెరుగుతుంది. ఇన్నాళ్ళూ ముఠా ముందు, రైతుల ముందు దాచుకున్న సంగతి, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య నా వల్ల బయటపడబోతోంది. నేనే కదా ఇక్కడికి తీసుకొచ్చింది.

మేడమ్ అప్పటిదాకా కంప్యూటరు వైపే చూస్తున్నారు. తల తిప్పి అమ్మ మొహం చూశారు. అమ్మ కళ్ళు అంకెల మీద లేవు, అంకెలకి జానెడు పక్కన స్పీకరు ఉన్నచోట ఉన్నాయి. ఆవిడ ఒక్క క్షణం అలా చూశారు. తర్వాత కాటా మీదికి వంగి, అంకెలు చూసి, నిటారుగా నిలబడి, ఎవరి మీదా కోపం లేని, ఎవరి మీదా జాలి లేని గొంతుతో చెప్పారు.

"రెండు కేజీల ఆరు వందల యాభై గ్రాములు."

"రెండు కేజీల ఆరు వందల యాభై!" అంది అమ్మ వెంటనే, గట్టిగా, చేను గట్టు మీద చెప్పినట్టే. అని, ఉలిక్కిపడింది.

"మధ్యలో మీరెందుకు చెప్తున్నారు?" అన్నారు ఓనరు గారు చిరాగ్గా.

"కాటా చెప్పట్లేదు కదా సార్. ఎవరో ఒకరు చెప్పాలిగా," అన్నారు మేడమ్. ఇంకా కాటా గొంతుతోనే ఉన్నారు. "పాత కాటాలున్న ప్రతి చేనుకీ సాయంత్రం వెళ్ళి నన్ను చెప్పమంటే చెప్తాను. ఎన్ని చేలకి వెళ్ళగలనో మీరే ఆలోచించండి."

ఆయన కాటా వైపు, మేడమ్ వైపు చూసి, జేబులోంచి కర్చీఫు తీసి మొహం తుడుచుకున్నారు. మేడమ్ ఇంకో కార్డు తీశారు. రెండు పేర్లూ ఉన్నది. ముందే చేసి సొరుగులో పెట్టుకున్నారని నాకప్పుడు తెలిసింది. కార్డు మార్చి ఆన్ చేసి సంచి పెట్టగానే, టప్పు లేకుండా, మెత్తగా, "రెండు కేజీల ఆరు వందల యాభై గ్రాములు" అంది కాటా.

"ఉంచండి," అన్నారు ఓనరు గారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "అది మా బావ పేరు పైకి పలకదు కదా?" అని అడిగారు.

"పలకదు సార్."

"అయితే ఉంచండి," అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ వారంలోనే కార్డులన్నీ రెండు పేర్లతో ఊళ్ళకి వెళ్ళాయి.

ఆయన వెళ్ళాక అమ్మ మేడమ్ దగ్గరికి నడిచింది. చేయి చాపి ముందు బల్ల తడిమింది, తర్వాత ఆవిడ ముంజేయి పట్టుకుంది.

"నువ్వా తల్లీ? రోజూ నాకు చెప్పేది నువ్వా?"

మేడమ్ నా వైపు చూశారు. దొరికిపోయినట్టు ఉంది ఆవిడ మొహం. మొదటిసారి ఆవిడ తడబడటం చూశాను. "అవునమ్మా. ఎవరికీ తెలియకూడదనుకున్నాం. మనిషి చెప్పిందని తెలిస్తే నమ్మకం పోతుందేమోనని..."

"ఎందుకు పోద్ది? మిషనుకి ఏం తెలుసు నా సంగతి," అంది అమ్మ. "నువ్వు ఇప్పుడు చూసి చెప్పావు." చూసి అన్న మాట నొక్కింది. మేడమ్ ఆ చేతి మీద తన చెయ్యి వేశారు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎప్పుడో సర్దిన వైర్లు మళ్ళీ సర్దాను. ఆవిడంటే నాకు గౌరవం ఎప్పుడూ ఉంది. ఆ రోజు నుంచీ అది ఏ మాటలో చెప్పాలో తెలియని ఇష్టమైంది.

ఇప్పుడు ఆ డ్రైవర్ వరసను చూసుకునేది నేనే. మేడమ్ పై పనులు చూస్తారు. మొన్న కొత్తగా చేరిన ఇంజనీరు, "ఈ పేరుతో కంపెనీయే లేదు కదండీ, చెత్త, తీసేద్దామా?" అన్నాడు. నా గొంతు దానంతట అదే తగ్గింది. ఇది కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నట్టున్నాను. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను, ఒక్క మా అమ్మ కళ్ళ సంగతి తప్ప. తను ఇంకా మేస్త్రిగానే ఉంది.

కాటాను పరీక్షించిన ఆ రోజు సాయంత్రం అమ్మను ఊళ్ళో నేనే దింపాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దుప్పట్లో చుట్టిన కాటాను ఒళ్ళో పెట్టుకుంది. చిలకలూరిపేట దాటాక నా వైపు వంగి, ముందు సీట్లోవాళ్ళకి వినబడకుండా అడిగింది.

"మొహం ఆనలేదే నాకు. ఎట్టా ఉంటది ఆమె?"

గోధుమ రంగు, కళ్ళజోడు, ఎడమ చెంప మీద చిన్న మచ్చ, ఇవన్నీ చెబుదామనే నోరు తెరిచాను. ఏదీ సరిపోతుందనిపించలేదు.

"నీకు వినబడినట్టే ఉంటుందమ్మా," అన్నాను.

అమ్మ తల ఊపింది. దుప్పటి అంచు లాగి కాటాను సరిగ్గా కప్పింది.